శనివారం సంగతి

చర్చి సంఘంలో అందరూ ఆమెను లేచినపిల్ల అనేవాళ్లు. ముప్పై ఒకటో ఏడు వచ్చినా ఆమె పిల్లే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, ఎవరితోనో లేచిపోయి తిరిగొచ్చింది కాబోలు అనుకుని కాసేపు జాలిగా చూసేవాళ్లు. అసలు సంగతి తెలిశాక ఇంకోలా చూసేవాళ్లు. ఆ రెండో చూపుకంటే మొదటిదే నయమని ఆమెకు అనిపించేది.

అసలు సంగతి ఇదీ. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లను అమ్మమ్మ పెంచింది. ఆరేళ్లప్పుడు పదకొండు రోజులు విడవకుండా జ్వరం కాసింది. పన్నెండో రోజు మధ్యాహ్నం ఊపిరి ఆడుతున్నట్టు కనపడలేదు. డాక్టరు ఊళ్లో లేడు. కాంపౌండరు పరుగున వచ్చి మణికట్టు పట్టుకుని చూశాడు. తల దించుకుని, పోయిందండీ అన్నాడు. అమ్మమ్మ దుప్పటి కప్పింది. సంఘంవాళ్లు వచ్చి పాటలు పాడారు. పెట్టె చెయ్యమని వడ్రంగికి కబురు వెళ్లింది. పొద్దు వాలే వేళకి దుప్పటి కదిలింది. పిల్ల లేచి కూర్చుని, గుమ్మం వైపు చూసి, ఇన్ని చెప్పులు ఎవరివి అని అడిగింది.

ఆ సాయంత్రమే ఒకావిడ పిల్ల గడ్డం పట్టుకుని, అక్కడ నీకు వెలుగు కనిపించిందా తల్లీ అని అడిగింది. చుట్టూ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహాలు. అన్నీ తనవైపే చూస్తున్నాయి. పిల్ల తల ఊపింది. అంతే. ఆ తల ఊపడమే పాతికేళ్లుగా సాక్ష్యమై కూర్చుంది. ప్రతి ఏడూ పునరుత్థానం ఆదివారం నాడు పాస్టరుగారు ఖాళీ సమాధి గురించి చెప్పి, రాయి దొర్లిపోవడం గురించి చెప్పి, చివర ఆమెవైపు చెయ్యి చాపేవారు. ఆమె లేచి నిలబడేది. అందరూ స్తోత్రం అనేవాళ్లు. ఆమె కూర్చునేది. వెలుగూ లేదు, ఏమీ లేదు అని ఒక్కరికీ చెప్పలేదు. చెప్పడానికి మంచి రోజేదో దొరుకుతుందని పదేళ్లు చూసింది. తర్వాత చూడటం మానేసింది.

ఆమె పని రఫూ. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద దుకాణంలో, వెనకగది కిటికీ దగ్గర ఒక బల్ల ఉంది. నలభై ఏళ్లు అమ్మమ్మ ఆ బల్ల మీదే కూర్చుంది, ఇప్పుడు ఆమె కూర్చుంటోంది. నిప్పురవ్వ పడి కాలిన చొక్కాలు, పురుగు తిన్న కోట్లు, మేకుకి తగిలి చిరిగిన పెళ్లిబట్టలు అక్కడికి వస్తాయి. ఏ గుడ్డకి చిల్లు పడితే ఆ గుడ్డ మడతలోంచే దారం లాగి, పడుగూ పేకా లెక్క తప్పకుండా చిల్లు మీద మళ్లీ నెయ్యాలి. వేరే దారం ఎంత దగ్గర రంగుదైనా పనికిరాదు. కంటికి తెలియకపోయినా రెండు ఉతుకులకి బయటపడుతుంది. నేర్చుకునే రోజుల్లో ఆమె ఎన్నోసార్లు బద్ధకించి డబ్బాలో దారం వాడేసింది. అమ్మమ్మ కళ్లు మూసుకుని బొటనవేలు పోనిచ్చి, ఇది దీని దారం కాదే అని, మొత్తం విప్పించేది.

ఇద్దరూ ఉండే గది ఆ దుకాణం పైనే. చెక్కనేల. కింద ఇస్త్రీ పెట్టెలు వేడెక్కితే పలకల సందుల్లోంచి ఆవిరి పైకి వచ్చి, గదంతా పల్చటి మబ్బు పట్టినట్టు ఉండేది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే ఆ మబ్బు తెల్లగా మెరిసేది. మంచం, కుర్చీ, గోడమీద బట్టలు నేలకి ఆనకుండా నిలబడ్డట్టు కనిపించేవి. ఆ మబ్బులోనే ఇప్పుడు అమ్మమ్మ పడుకుని ఉంది. గుండె అలిసిపోయింది, వారాలో రోజులో అన్నాడు డాక్టరు. ముసలావిడకి అప్పుడే పరలోకం అలవాటు చేస్తున్నానని కింద ఇస్త్రీ ఆయన అంటే, వాడికి చెప్పవే, పరలోకంలో ఇంత ఉక్క ఉండదని, అని అమ్మమ్మ జవాబు పంపింది.

నోరు ఎప్పటిలాగే ఉంది గానీ అమ్మమ్మ భయపడుతోంది. పగలు కునుకు పట్టినట్టే పట్టి ఉలిక్కిపడి లేచేది, దుప్పటి మెడ దాటి రానిచ్చేది కాదు. ఒకరోజు పాస్టరుగారు చూడటానికి వచ్చినప్పుడు ఆయన్ని ఒక మాట అడిగింది. శుక్రవారం ప్రభువు చనిపోయాడు, ఆదివారం లేచాడు, మరి శనివారం ఏం చేశాడని. పాస్టరుగారు గ్రంథం తెరిచి చాలాసేపు చెప్పారు. భూమి కింది భాగాల గురించి, చెరలో ఉన్న ఆత్మల గురించి. అమ్మమ్మ మర్యాదగా అంతా విని, అయ్యా, మీరు వెళ్లొచ్చారా అని అడిగింది. ఆయన నవ్వి ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

ఆయన మెట్లు దిగాక అమ్మమ్మ మనవరాలిని మంచం పక్కన కూర్చోమంది.

"ఆదివారం మీద నాకు అనుమానం లేదే. ఆయన లేచాడు, నన్నూ లేపుతాడు. శుక్రవారానికీ భయం లేదు, ఒళ్లు ఎప్పుడో సిద్ధమైంది. నా దిగులంతా శనివారం. మూసిన గుహలో, రాయి అడ్డం పెట్టేసి, ఒక్కడే. మేలుకుని ఉన్నాడా? పిలిచాడా? ఎవరూ రాయలేదు. ఆయనకైతే ఒక్కరోజు. నాకు ఎన్నేళ్లో." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు వెళ్లొచ్చావు కదా. ఇన్నేళ్లూ నేను నిన్ను అడగలేదు. ఇప్పుడు చెప్పు, ఆ మధ్యలో ఎలా ఉంటుంది?"

ఆమె రేపు చెప్తాను అమ్మమ్మా అంది. ఆలోచించుకునే చెప్పు, నేనెక్కడికీ పోను, ఈ వారానికి, అంది అమ్మమ్మ.

మర్నాడు పొద్దున ఆమె ఆసుపత్రికి వెళ్లింది. అప్పటి కాంపౌండరు ఇంకా అక్కడే ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఆమె లేచిన ఏడాదే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. సంఘంలో ముందు వరసలో కూర్చుంటాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. కట్టుగుడ్డలు చుట్టి డబ్బాలో సర్దుతున్న మనిషిని, ఆరోజు నా చెయ్యి పట్టుకున్నప్పుడు నాడి నిజంగా లేదా బాబాయ్ అని అడిగింది. ఆయన చేతిలో గుడ్డచుట్ట అలాగే ఆగిపోయింది.

"నాకు అప్పుడు ఇరవై రెండేళ్లమ్మా. పనిలో చేరి మూడు వారాలు. పరుగెత్తి వచ్చాను, నా గుండె చప్పుడే నా వేళ్లలో కొట్టుకుంటోంది. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలిగా. నాడి లేదని నాకు తెలియలేదు. ఉందనీ తెలియలేదు."

మరి బాప్తిస్మం ఎందుకు తీసుకున్నావని ఆమె అడగబోయి మానుకుంది. అడిగినట్టే ఆయన జవాబు చెప్పాడు. ఆ తర్వాత ఎవరి చెయ్యి పట్టుకున్నా నిండా అయిదు నిమిషాలు వదల్లేదట. ఓ మనిషిని అంతసేపు పట్టుకుని కూర్చోవడం తనకి అప్పుడే తెలిసిందట. అది నీ గొప్పో, ప్రభువు గొప్పో, నా తప్పు గొప్పో నేను తేల్చుకోలేదు, నువ్వొచ్చి పాతికేళ్ల తర్వాత తేల్చమంటే ఎలాగ అని నవ్వాడు. ఆమె కూడా నవ్వి బయటికొచ్చింది.

ఆ పూటంతా ఆమె ఓ నల్లకోటు చేతికి రఫూ చేస్తూ కూర్చుంది. దారాలు కళ్ల ముందు ఈదుతున్నట్టు ఉన్నాయి. నన్ను చూసినవాడు పొరబడితే, ఆ శుక్రవారం ప్రభువుని చూసినవాడు ఎవరు? ఎవడో సిపాయి. అలిసిపోయి ఉంటాడు, పొద్దు వాలుతోంది, ఇంటికెళ్లే తొందర. బల్లెంతో పొడిచి చూశాడని ఉంది. తనను ఎవరూ పొడవలేదు. పొడిస్తే కెవ్వుమనేదేమో, అప్పుడు ఈ పేరూ ఉండేది కాదు, ఈ సాక్ష్యమూ ఉండేది కాదు. అలా ఒక దారం లాగితే ఇంకోటి వస్తూనే ఉంది. చిన్నప్పటినుంచీ ఆనుకుని కూర్చున్న గోడ మెల్లగా ఆవిరై పైకి పోతున్నట్టు ఉంది.

అమ్మమ్మకి ఏం చెప్పాలి? వెలుగు ఉందని చెప్పొచ్చు. తెల్లని పూలు, చల్లని నీళ్లు, ఎవరో పేరు పెట్టి పిలవడం. పాటలనిండా ఉన్నాయి, తెచ్చి అల్లేస్తే చాలు. ఆవిడ హాయిగా కళ్లు మూస్తుంది. మళ్లీ లేచి వచ్చి నిలదీసేది లేదు. లేదా నిజం చెప్పొచ్చు. నిజం చెప్తే ఆవిడకి ఆదివారం కూడా మిగలదేమో.

మధ్యాహ్నం పైకి వెళ్లేసరికి గది నిండా ఆవిరి మెరుస్తోంది. అమ్మమ్మ కళ్లు తెరిచే ఉంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. వెలుగు ఉంది అమ్మమ్మా, అని మొదలుపెట్టింది. అమ్మమ్మ కళ్లు మూసుకుంది. దుప్పటి మీద ఆవిడ బొటనవేలు మెల్లగా, అటూ ఇటూ, కదలడం మొదలుపెట్టింది.

ఆమె ఆగిపోయింది. తర్వాత అంతా చెప్పేసింది. గడ్డం పట్టుకున్నావిడనీ, తల ఊపడాన్నీ, కాంపౌండరు వేళ్లనీ. ఒక్కటీ దాచలేదు. అసలు నేను చనిపోనే లేదేమో అమ్మమ్మా, ఉత్త నిద్రేనేమో అంది.

"అది నేను అడగలేదే," అంది అమ్మమ్మ కళ్లు తెరవకుండా. "మధ్యలో ఏముందని అడిగాను."

"ఏమీ లేదు. నువ్వు నా నుదుటిమీద తడిగుడ్డ వేస్తున్నావు. నీళ్లు జారి చెవిలోకి పోతున్నాయి. ఆ మాట నీతో చెబుదామని నోరు తెరిచాను. తెరిచేసరికి గుమ్మంలో చెప్పులున్నాయి."

"ఎంతసేపు అనిపించింది?"

"సేపే లేదు అమ్మమ్మా."

"చీకటి?"

"చీకటి కూడా లేదు."

"నన్ను పిలిచావా?"

"పిలవడానికి నువ్వు వెళ్తే కదా. నాకైతే నువ్వు పక్కనే ఉన్నావు."

అమ్మమ్మ కళ్లచివర నీళ్లు జారి ముడతల్లో దారి వెతుక్కుంటున్నాయి. కింద ఇస్త్రీ ఆయన పెట్టె ఎత్తి దించుతున్న చప్పుడు, ఎక్కడో దూరంగా ఉన్నట్టు, వినిపిస్తోంది.

"నీ మొహం మీద దుప్పటి కప్పింది నేనే," అంది చివరికి. "ఆ సాయంత్రం ఎంత పొడుగో నాకు తెలుసు. అంత పొడుగూ నువ్వు లోపల మేలుకుని ఉన్నావేమో, అమ్మమ్మా అని పిలిచినా నాకు వినపడలేదేమో అని. అందుకే ఎప్పుడూ అడగలేదు. వెలుగుందని నువ్వు తల ఊపినప్పుడు కూడా, ఇది నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం ఆడుతోంది అనుకున్నాను. ఆరేళ్ల పిల్లవి."

ఆమె అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. ఆవిరిలో ఆ చెయ్యి వెచ్చగా, బరువే లేనట్టుగా ఉంది.

"అయితే శనివారం బయట కూర్చున్నవాళ్లకే అన్నమాట," అంది అమ్మమ్మ, ఎవరికీ కానట్టు. "సమాధికి వెళ్లిన ఆ ఆడవాళ్లకి. ఆయన తల్లికి. ఆయనకి లేదు." ఆ మాటని నోట్లో కాసేపు అలాగే ఉంచుకుంది. "నిద్రే అయితే మరీ మంచిది. నిద్ర నాకు బాగా వచ్చు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మమ్మ ఆమెవైపు తిరిగి, ఆదివారం సంగతి నువ్వు నమ్ముతున్నావా అని అడిగింది.

"తెలియడం లేదు అమ్మమ్మా. పొద్దుటినుంచీ అసలు తెలియడం లేదు."

కోప్పడుతుందనుకుంది. అమ్మమ్మ ఆమె చేతిని రెండుసార్లు తట్టింది.

"సరేలే. ఆ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు."

అని, రోజంతా పనిచేసి వచ్చిన మనిషిలా గోడవైపు ఒత్తిగిలి, దుప్పటి తానే చెవులదాకా లాక్కుంది. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. కిందినుంచి ఎవరో ఆమెను పిలిచారు. ఆమె వెళ్లలేదు. కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుని కూర్చుంది.