మధ్యాహ్నపు వేడి

వంటింటి గట్టు తుడిచిన చేత్తోనే ఆమె ప్రయోగశాలలో పరికరం మీది దుమ్మూ తుడుస్తుంది. "మీటలు తిప్పడానికి అంత చదువెందుకమ్మా?" అని అత్తగారు ఒకసారి నవ్వుతూనే అన్నారు. నిజానికి భర్తా ఆమే ఒకే తరగతిలో, ఒకే చదువు చదువుకున్నారు. పెళ్లయ్యాక ఆయన పరిశోధకుడయ్యాడు, ఆమె ఆయనకు చేదోడయింది. చేదోడుకి జీతమేమిటని ఎవరికీ తోచలేదు, మొదట్లో ఆమెకూ తోచలేదు.

పెట్టెలో ఉంచిన ఒక స్ఫటికం తనంతట తాను వేడి పుట్టిస్తుందా అన్నది ఆయన పరిశోధన. కొలిచే పరికరం మహా సున్నితం, ఈగ వాలినా ఉలిక్కిపడే రకం. మధ్యాహ్నాలు కరెంటు తగ్గుతుంది కాబట్టి ఎవరో ఒకరు పక్కనే కూర్చుని, మీట తిప్పుతూ దాన్ని బుజ్జగించాలి. ఆ పని ఆమెది. సరిగ్గా ఆ వేళకే కాగితం మీద గీత కాస్త పైకి లేచేది. "చూశావటోయ్! రాయి ఊపిరి పీలుస్తోంది!" అని ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆమె కూడా సంబరపడింది. ఎందుకు పడదు, ఆ గీత కోసం ఆమె నడుం కూడా పడిపోయింది మరి.

తర్వాత అత్తగారికి జ్వరమొచ్చి ఆమె కొన్నాళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. ప్రయోగశాలలో కరెంటు బదులు బ్యాటరీ అరువు తెచ్చి, మీట తిప్పే మనిషి లేకుండానే నెట్టుకొచ్చారు. గీత లేవలేదు. "పాడు బ్యాటరీ! నువ్వు త్వరగా వచ్చెయ్, నీ చెయ్యి పడితేగాని అది మాట వినదు," అని ఆయన విసుక్కున్నాడు. ఆ మాట వింటూ ఆమె అత్తగారి నుదుటి మీది తడిగుడ్డ తీసింది. గుడ్డ వెచ్చగా ఉంది. ఆమె తన అరచేతిని చెంపకు ఆనించి చూసుకుంది.

తిరిగి పనిలోకి వెళ్లిన రోజున, ఆయన లేనప్పుడు బ్యాటరీ తగిలించి, పరికరం పక్కన ఊరికే కూర్చుంది. గీత లేచింది. వరండాలోకి వెళ్లి నిలబడి వచ్చింది. గీత పడిపోయి ఉంది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఆ వేడి రాయిది కాదు, తన ఒంటిది. ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే, తన కష్టమూ అంతే. కానీ ఆ ఏడుపులోనే ఏదో తృప్తి కూడా ఉంది. ఇన్నేళ్లలో ఆ గదిలో తనను మనిషిగా పట్టించుకున్నది ఆ పరికరం ఒక్కటే.

"ఏమండీ, ఒక్క మాట," అంది ఆ సాయంత్రం.

"రేపు శాస్త్రవేత్తల సభలో ఈ ఫలితం చదవాలి, అదయ్యాక చెప్పవోయ్, బుర్ర వేడెక్కిపోతోంది," అన్నాడాయన, చొక్కా ఇస్త్రీకి ఇస్తూ. ఆయన కళ్లలో సంతోషం చూసి ఆమె చొక్కా అందుకుంది.

మర్నాడు సభలో ఒక పెద్దాయన లేచి అడిగారు. "కొలిచేటప్పుడు గదిలో ఎవరైనా ఉండేవారా?"

"ఎవరూ లేరండీ," అన్నాడు భర్త. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

వెనక వరుసలోంచి ఆమె లేచి నిలబడింది.

"నేనున్నానండీ," అంది. "రోజూ ఉన్నాను. మీరు చూస్తున్న ఆ వేడి నాది."