రెండు రసీదులు

"రెండుగా రాసిస్తారా మేడమ్?" అని అడిగేటప్పుడు ఆడవాళ్ళందరి గొంతూ ఒకేలా తగ్గుతుంది. కుక్కల, పిల్లుల ఆసుపత్రి కౌంటర్లో మూడున్నరేళ్ళుగా కూర్చుంటున్నాను కాబట్టి, తలెత్తకుండానే ఆ గొంతు గుర్తుపడతాను. బిల్లు మూడు వేలైతే పద్దెనిమిది వందలకొకటి, పన్నెండు వందలకొకటి రసీదు రాస్తాను. మొదటిది ఇంట్లో చూపించడానికి. రెండోది సాధారణంగా నా బల్ల కింద చెత్తబుట్టలో పడుతుంది. ఆ పన్నెండు వందలూ ఎక్కడివని నేను అడగను. కూరగాయల్లో మిగిల్చినవో, ట్యూషన్లు చెప్పినవో, పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టినవో అయ్యుంటాయి. రెండూ కలిపితే మొత్తం సరిపోతుంది, గల్లాపెట్టెలో తేడా రాదు. అందుకని అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

అసలు నేను ఈ ఉద్యోగంలో చేరిందే అనుమానంతో. మా కుక్క పోయినప్పుడు డాక్టర్లంతా దొంగలని మా ఇంట్లో తీర్మానమైపోయింది. ఎలా దోచుకుంటారో దగ్గరుండి చూద్దామని వచ్చాను, చూశాను కూడా. కారులో దిగినవాళ్ళకి ఖరీదైన విటమిన్ డబ్బా అంటగట్టడం నాకు నేర్పింది మా డాక్టరమ్మే. అయితే ఆపరేషన్ల విషయంలో మాత్రం ఆవిడ దగ్గర పప్పులుడకవు. జంతువు బరువు చూసి, నా ముందు అతికించిన పట్టికలో ఎంతుంటే అంతే ఎస్టిమేట్ రాయాలి.

ఇక్కడ కూర్చున్నాక అనుమానం ఇంకా ముదిరింది. "రోడ్డుమీద దొరికిందండీ" అంటే ఆ కుక్క మెడ మీద బెల్టు గుర్తు వెతుకుతాను. "నిన్నటినుంచే తినట్లేదు" అంటే నాలుగు రోజులని రాసుకుంటాను. మా అత్తగారికి ఇదంతా పెద్ద వేళాకోళం. "కుక్కలకి కూడా స్కానింగులా! నా మోకాళ్ళు మాత్రం ఎవరికీ కనపడవు" అంటుంది. ఆ మోకాళ్ళకి రోజూ నూనె రాసి మర్దన చేసేది నేనే. మా ఆయనైతే నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "బొచ్చు దులుపుకుని రా" అంటారు. జీతం వచ్చిన రోజు మాత్రం బొచ్చు కనపడదు.

సోమవారం పొద్దున పసుపు బుట్టావిడ వచ్చింది. పసుపురంగు ప్లాస్టిక్ బుట్టలో ముసలి పిల్లిని పెట్టుకుని తెస్తుందని నేనే ఆ పేరు పెట్టుకున్నాను. రెండు రసీదులు అడిగేవాళ్ళలో ఆవిడా ఒకరు. పిల్లికి మూత్రం బంద్ అయింది, లోపల రాయి ఉన్నట్టుంది. డాక్టరమ్మ గొట్టం వేసి మూత్రం తీసి, స్కాన్ చేసింది. "ఇది ఇవాళ్టికే. ఆపరేషన్ చెయ్యకపోతే బతకదు" అంది. రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది, ఖర్చెంతో అప్పుడు చెబుతామన్నాం. "ఎంతైనా సగం నా దగ్గరుంది మేడమ్" అని ఆవిడ నా చెవిలో చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం రిపోర్టు కోసం ఆవిడ రాలేదు, ఆవిడ భర్త వచ్చాడు. మడత నలగని చొక్కా, మర్యాదైన మాట. పద్నాలుగు వేలవుతుందని చెప్పాను. తలూపి, కుర్చీ కౌంటరు దగ్గరికి జరుపుకున్నాడు.

"అమ్మా, చిన్న సాయం చెయ్యాలి మీరు. అది నలభై అయిదు అని రాసివ్వండి."

నేను సరిగా వినలేదనుకున్నాను.

"పద్నాలుగంటే మా ఆవిడ ఎలాగోలా తెచ్చేస్తుంది. నలభై అయిదంటే తెచ్చే దారి ఉండదు. పిల్లి ముసలిదైపోయింది, ఓ ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా పోతుంది. నేను వద్దంటే జన్మంతా సాధిస్తుందండీ. తనంతట తనే వద్దందనుకోండి, ఏ గొడవా ఉండదు." వాళ్ళావిడ పర్సులో దొరికాయంటూ జేబులోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పరిచాడు. ఒకే తేదీ, ఒకే పిల్లి, రెండు రసీదులు, రెండింటి మీదా నా చేతిరాత. "మా ఆవిడ కోసమైతే విడగొట్టి రాశారు కదా. నా కోసం కాస్త పెంచి రాయలేరా? మీ డాక్టరమ్మకి ఈ సంగతి తెలుసో లేదో మరి!"

ఉద్యోగం పోతుందన్న భయం ముందు కలిగింది. నిజం చెప్పాలంటే పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ తనంతట తనే వద్దంటే అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఆ మాట నేనెక్కడో విన్నాను. వినడమేమిటి, ఆ వద్దన్నది నేనే.

మా కుక్కకి గర్భసంచిలో చీము పట్టింది. అత్తగారికి అన్నం వేళని నేను ఇంట్లో ఉండిపోయాను, ఆయనొక్కరే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టారు, యాభై రెండు వేలు. "నీ ఇష్టం. నువ్వు చెయ్యమంటే అప్పు చేసైనా చేయిస్తా" అన్నారు. నా కోసం అప్పు చేస్తాననే మనిషిని అప్పులపాలు చెయ్యడానికి నోరెలా వస్తుంది? వద్దులెండి అన్నాను. ఆయన నా తల నిమిరారు. ఆ తర్వాత చుట్టాలెవరొచ్చినా "మా ఆవిడ గుండె గట్టిది, తనే నిర్ణయం తీసుకుంది" అని చెప్పేవారు. అత్తగారు ఇంకో మెట్టు ఎక్కి, "ఎంత ప్రేమగా పెంచినా చివరికి డబ్బే చూసుకుంది" అనేది. నాలుగేళ్ళుగా ఆ మాట పడుతూనే ఉన్నాను. నిజమే కదా అనుకుని పడ్డాను.

ఆ ఆపరేషన్‌కి ఎస్టిమేట్ ఇక్కడ వారానికి ఒకటైనా రాస్తాను. మా కుక్కంత బరువుకి పదహారు వేలు. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి ఆగింది. పెద్దాసుపత్రి కదా, అక్కడి రేట్లు వేరేమో అని సర్దిచెప్పుకున్నాను. ఫోన్ చేసి అడగడానికి ఎంతసేపు? అడగలేదు. దారినపోయే ప్రతివాళ్ళనీ అనుమానించేదాన్ని, ఒక్క మనిషిని మాత్రం వదిలేశాను. పక్కన పడుకునే మనిషిని అనుమానించడం మొదలుపెడితే ఇక సంసారం ఏం చేస్తాం? నాకు ఒళ్ళు మండిపోయింది, ఎదురుగా ఉన్న చొక్కా మీదో, నా మీదో తెలియలేదు.

"కూర్చోండి, వస్తాను" అని ఆ రసీదులు తీసుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను. నేను చేస్తున్నదంతా చెప్పాను, అతను అడిగిందీ చెప్పాను. ఆవిడ చాలాసేపు రసీదులే చూసింది.

"ఎంతమందికి రాశావిట్లా?"

"లెక్కపెట్టలేదండీ."

"ఇకమీదట ఒక్కటే రసీదు. ఇంకోసారి రాశావంటే ఇంటికెళ్ళిపోవడమే." సరేనన్నాను. రేపటినుంచి ఆ తగ్గిన గొంతులకి ఏం చెప్పాలో నాకు తెలియదు. తలుపు దాకా వచ్చాక వెనకనుంచి అంది, "ఆ పిల్లిని సాయంత్రమే తెమ్మను. పొద్దున మొదటి ఆపరేషన్ దానిదే."

బయటికొచ్చి, అతని ఎదురుగానే ఫోన్ చేశాను. "అమ్మా, మీ పిల్లి ఆపరేషన్‌కి పద్నాలుగు వేలు. మందులన్నీ అందులోనే. మీవారు ఇక్కడే ఉన్నారు, ఆయన చేతికి కాగితం ఇస్తున్నాను. అంకె సరిగ్గా చూసుకోండి."

అటునుంచి ఆవిడ, "ఇంకో అంకె ఏమైనా అడిగారా మేడమ్?" అంది. ఆవిడ నాకన్నా చాలా నయం.

"అడిగారమ్మా. నేను రాయలేదు."

అతను కాగితం లాక్కుని, కుర్చీ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. అయిదింటికి ఆవిడ ఒక్కతే ఆటోలో వచ్చింది. పిల్లిని లోపల అప్పగించి, డబ్బంతా కౌంటరు మీద పెట్టి, ఒక్క రసీదే తీసుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన టీవీ ముందున్నారు. "బొచ్చు దులుపుకున్నావా?" అన్నారు అలవాటుగా. నేను దులుపుకోకుండానే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"అప్పుడు నా చేతికిచ్చిన కాగితం మీద ఆ అంకె ఎవరు వేశారు?"

ఏ కాగితం అని అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే, ఇంత తెలిసీ, ఇంకోసారి నమ్మేద్దామనే ఉంది నాకు. ఆయన టీవీ కట్టేశారు. వంటింట్లో ఉన్న తల్లి వైపు ఓసారి చూశారు.

"నీకెవరు చెప్పారు?" అన్నారు.