ఖాళీ చేతులతో మూడో అంతస్తు

ఆ బడిలో ఆరువందల నలభైమంది పిల్లలు, ఇరవై ఇద్దరు టీచర్లు, ఒకటే గంట. కింది వరండాలో, పెద్ద టీచరు గది గుమ్మం పక్కన ఇనుప కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. పళ్లెమంత కంచు బిళ్ల. దాన్ని కొట్టే మనిషిని పిల్లలు గంట తాత అంటారు. ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ, అది అక్కడినుంచి బయటికి రాక చాలా ఏళ్లయింది.

గంట తాత చదివింది మూడో తరగతి. అయినా గడియారం విషయంలో ఆయన్ని మించినవాడు ఆ బడిలో లేడు. ఇరవై ఆరేళ్లలో ఆ గంట ఒక్క నిమిషం ముందు మోగింది లేదు, ఒక్క నిమిషం ఆలస్యంగా మోగింది లేదు. పీరియడు మారితే ఒక దెబ్బ. మధ్యాహ్నం తిండివేళకి రెండు. ఇంటికి వెళ్లేవేళకి ఆపకుండా వరసగా. జ్వరం వచ్చినా తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కొట్టి, మళ్లీ పోయి పడుకునేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే ముఖం పక్కకి తిప్పుకుని "గంటే కదా" అనేవాడు. లోపల మాత్రం ఆ మాట ఒప్పుకునేవాడు కాదు. తన చేతి దెబ్బకి ఆరువందలమంది ఒక్కసారి లేస్తారు. అలాంటి చెయ్యి ఊళ్లో ఇంకెవరికుంది?

ఆయన మురిసిపోయే సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరి దగ్గరా నోటితో అనలేదు. ఆ బడిలో డ్రిల్లు టీచరు ఆయన రెండో కూతురు. అదే బడిలో, మూడో అంతస్తు చివరి గదిలో చదివింది. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటిరోజున తాత గేటు దగ్గర ఆపి చెప్పాడు. ఈ గేటు లోపల నువ్వు టీచరువి, నేను బంట్రోతుని, నన్ను నాన్నా అనకు, నేను నిన్ను మీరు అంటాను అని. బంట్రోతు కూతురు అని ఎవరూ చిన్నచూపు చూడకూడదని ఆయన పంతం. కూతురికి అది ఏమాత్రం నచ్చలేదు. తండ్రి "టీచరుగారూ, మిమ్మల్ని పెద్ద టీచరుగారు రమ్మంటున్నారు" అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు ముడుచుకుపోయేది. అయినా ఆరేళ్లుగా ఆ మాట జవదాటలేదు. ఆ సంగతి బడిలో అంతా ఎరుగుదురు, అందరూ ఎరగనట్టే ఉంటారు.

ఆ ఏడు ఫైరాఫీసరు వచ్చి బడంతా తిరిగి చూశాడు. సన్నటి మనిషి, మెట్లు కూడా టేపు పెట్టి కొలిచాడు. ముందు మెట్లు వెడల్పు, వెనక మెట్లు ఇరుకు. నిప్పు అంటుకుంటే మూడో అంతస్తు పిల్లలు కిందకి ఎలా వస్తారని అడిగాడు. పరిగెత్తుకొస్తారని లెక్కల మాస్టారు చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు. నాలుగు నిమిషాల్లో బడి మొత్తం మైదానంలో ఉండాలని, నెల తర్వాత ఏదో ఒకరోజు చెప్పకుండా వస్తానని, అప్పటికి కుదరకపోతే మూడో అంతస్తుకి తాళం వేయిస్తానని చెప్పి వెళ్లాడు.

తాళం పడితే పై మూడు తరగతులూ ఊరికి ఆ చివరనున్న పాత భవనానికి పోవాలి. రెండు బస్సులు మారాలి. సగంమంది ఆడపిల్లలు బడి మానేస్తారు. అది అందరికీ తెలుసు. టీచర్ల మీటింగులో డ్రిల్లు టీచరు లేచి, నేను చేయిస్తానంది. లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, నాలుగు నిమిషాల్లో ఈ పిల్లలు మైదానానికి రావడం కాదు, పెన్ను మూత కూడా పెట్టలేరన్నాడు. గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ తాత ఆ మాట విన్నాడు. మాస్టారి గ్లాసు ఆఖరున ఇచ్చాడు.

ఆమె వారంరోజులు కాగితాల మీద గీతలు గీసింది. ఏ తరగతి ఏ మెట్ల మీదుగా దిగాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, కాలు సరిగా లేని పిల్లకి ఇటూ అటూ ఎవరు పట్టుకోవాలి, గదిలోంచి ఆఖరున వచ్చేవాళ్లు తలుపెలా వెయ్యాలి, మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడి తలలు లెక్కపెట్టాలి. నేలమీద సుద్దతో బాణాలు గీయించింది. సంచులు, సీసాలు, పుస్తకాలు ఏవీ ముట్టుకోకూడదని రోజూ ప్రార్థనప్పుడు చెప్పింది.

మొదటి డ్రిల్లు. తాత గంట వరసగా వాయించాడు. ఏడు నిమిషాలు. రెండోది ఆరున్నర. మూడోది ఆరు నిమిషాల పది సెకన్లు. ముట్టుకోవద్దన్న సంచులన్నీ పిల్లల వీపుల మీదే దిగాయి. ఇరుకు మెట్ల మలుపులో సంచికి సంచి తగులుకుని, వెనకవాళ్లు ఆగిపోయారు. ఎందుకు తెచ్చారని కోప్పడితే పిల్లలు తెల్లముఖం వేశారు. ఒక పిల్ల ఏడ్చేసింది. తేలేదు టీచర్, వచ్చేసింది అంది. లెక్కల మాస్టారు ఆ మాట మూడురోజులు టీచర్ల గదిలో చెప్పుకుని నవ్వాడు.

మూడో డ్రిల్లు అయిన సాయంత్రం ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది.

"మాట వినడం లేదు నాన్నా వాళ్లు," అంది. "నేనే సరిగా చెప్పలేకపోతున్నానేమో."

తాత పప్పు కలుపుకుంటున్నాడు. ఆయన భార్య, "పిల్ల అంత బాధపడుతుంటే ఒక్క మాట అనరేం? మీ నోరు తెరిపించాలంటే కూడా గంట కొట్టాలా?" అంది.

తాత చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "రేపు గంట వాచ్‌మన్ కొడతాడు. నేను పైన ఉంటా."

తల్లీ కూతుళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఆ గంటని ఇంకొకరి చేతికి ఇస్తానని ఆయన అనడం వాళ్లు ఎప్పుడూ వినలేదు.

అప్పటిదాకా తాతకి తట్టని సంగతి ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా గంట మోగినప్పుడల్లా ఆయన గంట దగ్గరే ఉన్నాడు. గంట మోగిన క్షణంలో గదిలో ఏం జరుగుతుందో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు మూడో అంతస్తు చివరి గది కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపల పాఠం జరుగుతోంది. నలభైమంది తలలు పుస్తకాల్లో ఉన్నాయి. కింద వాచ్‌మన్ గంట అందుకున్నాడు, చెయ్యి తిరగనివాడి దెబ్బలు. తాతకి పళ్లు జివ్వుమన్నాయి. అంతలో చూశాడు. తలలు ఇంకా పుస్తకాల్లోనే ఉన్నాయి, చేతులు మాత్రం బల్లల కిందకి వెళ్లిపోయాయి. నలభై జతల చేతులు. పెన్సిలు డబ్బా మూత, సంచి జిప్పు, నీళ్ల సీసా, భుజం పట్టీ. తలలు లేచేసరికి సంచులు వీపున ఉన్నాయి. ఎవరూ కావాలని చెయ్యలేదు. నిన్న ఏడ్చిన పిల్ల నడవాలో నాలుగడుగులు వేశాక భుజం తడుముకుని ఉలిక్కిపడింది.

"చూడు తాతా, మళ్లీ వచ్చేసింది," అంది.

తాత వరండా గోడకి చేరగిలబడ్డాడు. వీళ్లు మాట వినకపోవడమేమిటి? చక్కగా వింటున్నారు. టీచరు మాట కాదు, ఆయన గంట మాట. గంట వరసగా మోగితే సర్దుకుని ఇంటికి పొమ్మని పిల్లలకి నేర్పింది ఎవరు? ఇరవై ఆరేళ్లు, రోజూ, ఒక్క నిమిషం తేడా లేకుండా. ఇంత బాగా ఈ బడిలో ఇంకెవరూ ఏ పాఠమూ చెప్పి ఉండరు. ఆ పాఠమే ఇప్పుడు కూతురి కాళ్లకి అడ్డం పడుతోంది. ఆయనకి గర్వమూ కష్టమూ ఒక్కసారే కలిగాయి, ఏది ముందో తెలియలేదు.

మెట్లు దిగి మైదానానికి వెళ్లాడు. కూతురు చేతిలో గడియారం పట్టుకుని తల వంచుకుని ఉంది.

"టీచరుగారూ, నా గంట పనికిరాదండి దీనికి," అన్నాడు.

అంత పెద్ద మాట ఆయన నోట రావడం చూసి ఆమె గడియారం ఆపడం మరిచిపోయింది.

గంట వద్దనుకున్నాక ఏది మోగించాలన్నది తేలలేదు. కరెంటు పోయినా మోగేది కావాలని ఆఫీసరు చెప్పి ఉన్నాడు. ముందు ఈల ఊదారు. ఏడో తరగతి మొత్తం ఆటల పీరియడనుకుని కేకలు వేస్తూ బంతితో సహా దిగింది. తర్వాత డప్పు. డప్పు చప్పుడుకి పిల్లలు కవాతు అందుకున్నారు, ఎడమ కుడి ఎడమ కుడి అంటూ మెట్లమీద అడుగులు కలుపుకుంటూ తొమ్మిది నిమిషాలకి వచ్చారు. చూడటానికి మాత్రం చాలా అందంగా ఉందని పెద్ద టీచరు అంది. వంటగది గుండిగ మూత వాయిస్తే కంచాలు పట్టుకుని వచ్చారు. ఆ బడిలో ప్రతి చప్పుడుకీ ముందే ఒక అర్థం ఉంది. ఇంకా ఏ అర్థమూ లేని చప్పుడొకటి దొరకాలి.

తాత ఒక ఆదివారం లారీల షెడ్డుకి వెళ్లాడు. అక్కడి మేస్త్రీ ఆయన గంట కింద చదువుకున్నవాడే. ఏం కావాలని అడిగితే, ఈ ఊళ్లో పిల్లలెవరూ వినని చప్పుడు కావాలన్నాడు తాత. మేస్త్రీ నవ్వి, పాత ఇనుము గుట్టలో తవ్వి మూడు హారన్లు తీశాడు. వెనకటి బస్సులకి ఉండేవి, రబ్బరు బుడ్డ నొక్కితే మోగే ఇత్తడి బూరలు. ఒకటి నొక్కి చూపించాడు. జలుబు చేసిన గేదె అరిచినట్టుంది. షెడ్డులో పనివాళ్లంతా తిరిగి చూశారు. తాత తల ఊపాడు.

అంతస్తుకి ఒకటి చొప్పున గోడకి బిగించాడు. కిందిది తాను నొక్కాలి, అది విని పైవాళ్లు నొక్కాలి. మొదటిరోజు హారను మోగితే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిమ్మంది డ్రిల్లు టీచరు. నవ్వుతూనే లేవమంది. రెండు చేతులూ ముందున్నవాళ్ల భుజాల మీద వెయ్యమంది. భుజాల మీద చేతులుంటే సంచి పట్టుకునే చెయ్యి ఉండదు. హారనంటే ఖాళీ చేతులు, గంటంటే సంచి. వేరే మాట లేదు. రోజుకొకసారి, ఒక్కోరోజు రెండుసార్లు, పాఠం మధ్యలో, తిండి మధ్యలో, వాన పడుతుండగా. అయిదు నిమిషాలైంది. నాలుగున్నర అయింది. నాలుగు నిమిషాల పది సెకన్ల దగ్గర లెక్క నాలుగురోజులు కదలకుండా కూర్చుంది. ఆమె వెనక మెట్ల వరసలోంచి ఒక తరగతిని ముందు మెట్లకి మార్చింది. మూడూ యాభై. ఆ సాయంత్రం ఇంట్లో ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆఫీసరు వచ్చినరోజు బుధవారం. ఇంటిగంటకి ఇంకా ఆరు నిమిషాలుంది. చేతిలో గడియారంతో నేరుగా తాత దగ్గరికి వచ్చి, ఇప్పుడు మోగించండి అన్నాడు.

తాత పైకి చూశాడు. ఈ వేళలో ఎప్పుడూ చేయించలేదు. ఇంటిగంటకి ముందు ఆరు నిమిషాలంటే సంచులన్నీ సర్దేసి ఉంటాయి. సగంమంది అప్పటికే భుజాన వేసుకుని బల్లల అంచున కూర్చుంటారు, చెవులు గంటకే అప్పజెప్పి. వరండా చివర కూతురు నిలబడి ఉంది. ఆమె ముఖం చూస్తే ఆమెకీ అదే తోచిందని తెలిసింది. ఆమె తండ్రిని చూసి మోగించమన్నట్టు తల ఊపింది. అంతే.

తాత హారను నొక్కాడు. పైన ఒకటి మోగింది. ఆ పైన ఇంకొకటి మోగింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నెత్తిమీద కప్పు దద్దరిల్లింది. ధబ్, ధబ్, ధబ్. మూటలు జారవిడిచినట్టు. తాతకి ముందు అర్థం కాలేదు, తర్వాత అయింది. సంచులు. భుజాల మీదున్న సంచుల్ని పిల్లలు నేలకి వదిలేస్తున్నారు. రెండో అంతస్తులో, మూడో అంతస్తులో, ఒకదాని తర్వాత ఒక గదిలో. ఇరవై ఆరేళ్ల గంట నేర్పిన పాఠాన్ని ఆయన కూతురు నెలరోజుల్లో దింపించింది.

తర్వాత అడుగుల చప్పుడు. పరుగు కాదు, వడివడి నడక. ముందు మెట్లమీద రెండు వరసలు, వెనక మెట్లమీద ఒకటి, భుజాల మీద చేతులు. ఎవరూ తోసుకోలేదు. కాలు సరిగా లేని పిల్లని ఇద్దరు చెరోవైపు పట్టుకుని దించారు, నిన్నటికంటే ముందొచ్చామని ఆ పిల్ల వాళ్లకి చెబుతోంది. తలుపులు పడ్డాయి. మైదానంలో తలల లెక్క మొదలైంది. లెక్క సరిపోయిందని వరస వెంట వరస చెయ్యి లేచింది.

ఆఫీసరు గడియారం నొక్కాడు. "మూడు నిమిషాల నలభై ఒకటి."

అని ఊరుకోలేదు. వరసల మధ్య నడుస్తూ పిల్లల చేతులు చూశాడు. ఆరువందల నలభైమందిలో ఒక్కరి దగ్గర పెన్ను కూడా లేదు. ఆఖరి వరస పక్కన ఆగాడు. అక్కడ లెక్కల మాస్టారు టిఫిను క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసరు క్యారేజీ వంక చూశాడు. మాస్టారు కూడా చూశాడు, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనట్టు.

"తేలేదండి," అన్నాడు మాస్టారు. "వచ్చేసింది."

మొదట్లో ఏడ్చిన పిల్ల ముందుగా నవ్వింది. తర్వాత ఎవరూ ఆగలేదు.

ఆఫీసరు కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మూడో అంతస్తుకి తాళం అక్కర్లేదన్నాడు. తిరిగి వస్తూ హారను దగ్గర ఆగి, ఈ ఉపాయం ఎవరిదని డ్రిల్లు టీచర్ని అడిగాడు.

"మా నాన్నది," అంది ఆమె.

ఆరేళ్లలో ఆ గేటు లోపల ఆ మాట అదే మొదలు. వరండాలో ఉన్న టీచర్లంతా విన్నారు. తాత తల వంచుకుని హారను రబ్బరు తుడిచాడు. మందలిద్దామని తల ఎత్తాడు. ఆమె తన కళ్లలోకే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, చిన్నప్పుడు అన్నం తిననని మొండికేసినప్పటిలా.

"నాదేముంది సార్," అన్నాడు తాత. "తప్పు గంటదని చెప్పానంతే. చేయించింది మా అమ్మాయి."

తర్వాత గడియారం చూసుకుని గతుక్కుమన్నాడు. ఇంటిగంట వేళ దాటి తొమ్మిది నిమిషాలైంది. ఇరవై ఆరేళ్లలో మొదటి ఆలస్యం. గబగబా వెళ్లి చెక్క సుత్తి అందుకుని గంట వాయించాడు, వరసగా, ఎప్పటిలా.

మైదానంలో ఆరువందల నలభైమంది చేతులు ఒక్కసారి వీపుల వైపు పోయాయి. అక్కడ సంచులు లేవు. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని, తమ ఖాళీ చేతులు చూసుకుని, పెద్దగా నవ్వుకుంటూ మెట్లవైపు నడిచారు. తాత ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. కూతురు దగ్గరికి వచ్చి, చాలు నాన్నా, విన్నారు అనేదాకా ఆపలేదు.