పొట్టి కుర్చీకి ఆఖరి పాట

కాలిన గాయాల ఆసుపత్రికి సాయంగా ఆన్‌లైన్‌లో జరిగే వేలానికి గడువులు చూసేది ఆమే. నిబంధనలూ ఆమె రాసినవే. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మరో రెండు నిమిషాలు జరుగుతుంది. ఆఖరి క్షణం దాకా గోతికాడ నక్కలా కూర్చుని దూకేవాళ్ల కోసం పెట్టిన నిబంధన అది. ముగింపు వేళ సైటు ఆగిపోతే పది నిమిషాలు పెంచాలి. ఒక్క పాట పడిందంటే, ఇచ్చినవాళ్లు వస్తువును వెనక్కి తీసుకోకూడదు.

ఆ చివరిది ఆమె మెడకే చుట్టుకుంది. భర్త వడ్రంగి, పోయి ఏడాదయింది. మరిది షెడ్డు ఖాళీ చేస్తూ ఉలులు, రంపాలతో పాటు ఆమె పొట్టి కుర్చీని కూడా ఈ వేలానికి దానంగా పంపేశాడు. ఆమె బెత్తెడు మనిషి. ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్లు గాల్లోనే. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమె మోకాలి ఎత్తు కొలిచి మరీ చేసిన కుర్చీ అది. దాని చెయ్యి వదులైందని షెడ్డులోకి తీసుకెళ్లి బిగించాడు, తిరిగి తెచ్చేలోపే మంచాన పడ్డాడు. జాబితాలో దాని ఫోటో ఆమె చూసేసరికే ముగ్గురు పాడేశారు.

"చిన్నపిల్లల కుర్చీ అనుకున్నా వదినా," అన్నాడు మరిది, నీళ్లు నములుతూ.

ఉద్యోగులూ వాళ్ల ఇంట్లోవాళ్లూ పాడకూడదు. అదీ ఆమె రాసిందే. చెల్లెలు కొట్టిపారేసింది.

"నేను మీ ఇంట్లోదాన్ని కాదుగా అక్కా. నన్ను అత్తారింటికి పంపినరోజు మీరంతా ఎంత హాయిగా నిద్రపోయారో నాకు తెలుసు. నా పేరున నేను పాడతా. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

ఇద్దరి దగ్గరా కలిపినా నాలుగు వేలకు మించి లేదు.

సాయంత్రం ఐదింటికి ముగింపు. ఆఫీసులో మిగతా బల్లలు ఖాళీ అయ్యాయి. నాలుగూ యాభై ఆరుకు చెల్లెలిదే హెచ్చు పాట, మూడు వేల రెండు వందలు. యాభై ఏడుకు తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, తిరుగుతూనే ఉంది. ఎవరూ లోపలికి రాలేరు. ఐదు కాగానే చక్రం మాయమై ‘పాట ముగిసింది’ అని పడింది. కింద చెల్లెలి పేరు.

ఫోన్ మోగింది.

"అక్కా, మనకే వచ్చింది."

"సైటు ఆగిపోయిందే."

"ఆగితే ఆగింది. నీకు తప్ప ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసుగా."

"బావ ఉంటే నీకు రెండు తగిలించేవాడు."

"మీ బావ మేకుల మీద తప్ప ఎవరి మీద చెయ్యెత్తాడే."

ఫోన్ పెట్టేశాక ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని చూసింది. చేస్తే బాగుండుననిపించింది, అప్పుడు ఆ నిర్ణయం తనది కాకుండా పోయేది. ఎవరూ చేయలేదు. ‘సైటు ఆగినందున పది నిమిషాల పొడిగింపు’ అని తనే రాసి, తనే నొక్కింది.

తొమ్మిదో నిమిషంలో ఎవరో మూడు వేల ఐదు వందలు పాడారు. గడువు జరిగింది. చెల్లెలు నాలుగు వేలు. మళ్లీ జరిగింది. అవతల నాలుగు వేల ఐదు వందలు.

"గాజులు కుదువ పెట్టనా?" అంది చెల్లెలు ఫోన్‌లో.

"వద్దు."

"ఆలోచించు అక్కా, ఇంకా నిమిషముంది."

"వద్దన్నానుగా."

ఆ నిమిషం ఎవరూ పాడలేదు. గడువు ఈసారి జరగలేదు.

గెలిచినవాళ్లకు ఫోన్ చేసి చెప్పడం కూడా ఆమె పనే. అవతల ఒక ఆడగొంతు, చంటిపిల్లల బడిలో టీచరట.

"పిల్లలతో సమానంగా కూర్చోవాలండీ, నడుం వంగిపోతోంది. ఎత్తెంతో రాయలేదేంటి?"

"పదమూడున్నర అంగుళాలు."

"చేతులు గట్టిగా ఉన్నాయా?"

"బిగించాక ఎవరూ వాడలేదు."

"రేపొస్తే అక్కడ ఎవరైనా ఉంటారా?"

"నేనుంటాను. పదింటికి రండి."

తర్వాతి వస్తువు ఇత్తడి లాంతరు, ఐదున్నరకు ముగింపు. దానికి ఒక్క పాటా పడలేదు. ఆమె తెర మీద అంకెలు తగ్గడం చూస్తూ కూర్చుంది.