తడి గోనె కింద ఇరోకో

“ఆ చెక్కపొట్టు లోపలికి పోతుందే తల్లీ. రేపు నీకూ మీ నాన్నలాగే ఆయాసం పట్టుకుంటే నేనేం చేయాలి?” అన్నాను, మా అమ్మాయి మెషీను స్విచ్చు కూడా వేయకముందే.

“ఇంకా పనే మొదలుపెట్టలేదు, అప్పుడే నాకు ఆయాసం తెప్పించేశావా అమ్మా?” అంది.

మా ఆయన ముప్పై ఏళ్లు వడ్రంగం చేసి ఆయాసం తెచ్చుకున్నారు. ఇప్పుడు షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటారు, పనంతా మా అమ్మాయే చేస్తుంది. గ్రంథాలయం వాళ్లు కౌంటరు బల్ల చేయమన్నారు. అది నచ్చితే చదువుకునే బల్లలు పన్నెండూ మాకే. నచ్చకపోతే షెడ్డు మూసేసి ఏదో ఒక ఫ్యాక్టరీలో చేరిపోతానంది అమ్మాయి.

అందుకని ఏరికోరి ఇరోకో తెచ్చింది. ఆఫ్రికా అడవుల చెక్క. టేకుకి చెల్లెలి వరస అంటారు మా ఆయన. చెద పట్టదు, తడికి ఉబ్బదు. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ టీ డికాషన్ రంగుకి తిరుగుతుంది. గుణాలన్నీ మంచివే. పొట్టు మాత్రం మిరపకారమే. తుమ్ములు, కళ్లమంట, చేతులనిండా దద్దుర్లు. పైగా ఆ చెక్క కడుపులో అక్కడక్కడా రాళ్లుంటాయంటే నేను నమ్మలేదు. రెండోరోజు మెషీను బ్లేడు పన్ను టక్కుమని ఊడితే నమ్మాను.

“మాస్కు కట్టుకోవే.”

“ఊపిరాడదమ్మా.”

“కట్టుకోకపోతే అసలే ఆడదు!”

నాలుగో రోజు సాయంత్రానికి బల్ల అతికించి, చిత్రిక పట్టి, అద్దంలా రుద్దింది. ఎల్లుండి పొద్దున్నే అప్పగించాలి. తను స్నానానికి పోయింది. నేను షెడ్డు తాళం వేయబోతూ చూస్తే బల్లమీదంతా పొట్టే. పొద్దున ఫ్యాను వేయగానే పిల్ల ముక్కులోకే కదా? గోనెసంచి తడిపి బల్లమీద పరిచాను. జారకుండా నాలుగు మూలలా చెక్కలు బిగించే ఇనప క్లాంపులు పెట్టాను. ఎన్నాళ్లకో ఒక పని సరిగ్గా చేశాననుకున్నాను.

తెల్లవారి అందరికంటే ముందు పోయి, క్లాంపులు తీసి కింద పెట్టి గోనె ఎత్తాను. నాలుగు మూలలా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. చెంగుతో రుద్దాను. పోలేదు. గోనె చుట్టి చెత్తడబ్బాలో కుక్కి, చీపురు పట్టుకుని నిలబడ్డాను.

అమ్మాయి వచ్చి చూసింది. మొహం మాడిపోయింది. “కలప డిపోవాడు పుచ్చు చెక్క అంటగట్టాడు నాన్నా! ఇప్పుడే పోయి వాడి సంగతి తేలుస్తాను.”

ఆయన మెల్లగా లేచి వచ్చారు. మచ్చమీద వేలు పెట్టి చూసి, కిందనున్న క్లాంపు తీసి దానిమీద ఆనించారు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నావైపు చూశారు.

“డిపోవాడు కాదే. నేనే. పొట్టు లేవకుండా గోనె తడిపి వేశాను,” అన్నాను.

“ఇనుమూ తడీ కలిస్తే ఈ చెక్క నల్లబడుతుంది. ఏ వడ్రంగీ చేయని పని,” అన్నారాయన.

“వడ్రంగి పెళ్లాం చేసింది,” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

“మచ్చ పైపైనే ఉంటుంది,” అని ఆయన అమ్మాయికి చెప్పారు. “చేతి చిత్రికతో పల్చగా తియ్యి. ఈ చెక్క నార అటూ ఇటూ మెలిపడి ఉంటుంది, తొందరపడితే పెచ్చులుగా లేచిపోతుంది.”

అది చిత్రిక అందుకుంది. మాస్కు తనంతట తనే కట్టుకుంది. నా మాట విని కాదు, నాతో మాట్లాడే పని లేకుండా కట్టుకుందనిపించింది. పొద్దెక్కింది. మంచినీళ్లిస్తే నావైపు చూడకుండా తాగి మళ్లీ వంగింది. భుజం నొప్పికి మధ్యమధ్యలో చేయి విదిలిస్తోంది. ఆయన స్టూలుమీదే కునుకుతున్నారు. నాకు అన్నం సయించలేదు. బల్ల పాడైనట్టే, షెడ్డు మూసినట్టే, నా పిల్ల ఫ్యాక్టరీ గేటులో నిలబడినట్టే కళ్లకు కడుతోంది.

మధ్యాహ్నం దాటాక ఉండబట్టలేక అడిగాను. “నన్ను తిట్టవేమే? నాలుగు మాటలు అనేసెయ్యరాదూ?”

చిత్రిక ఆగలేదు. చెక్కతీగలు చుట్టలు చుట్టుకుని నా కాళ్లమీద పడుతున్నాయి. ఒక మూల అయిపోయింది. ఇంకో మూలకి తిరిగింది. ఎండ గుమ్మం దాటి లోపలికి పాకింది. ఇక ఈ జన్మకి మాట్లాడదనుకున్నాను.

అప్పుడు చిత్రిక పక్కన పెట్టి, మాస్కు గడ్డం కిందికి లాక్కుంది.

“తిట్టే ఓపిక లేదమ్మా. మూడు మచ్చలు పోయాయి. ఆ కొస గట్టిగా పట్టుకో, బల్ల కదులుతోంది.”