శనివారం బండి

కరీంనగర్‌లో ఇద్దరన్నదమ్ములు ఒకే బట్టల దుకాణం నడుపుకుంటూ, ఒకే గోడకు అటొకరు ఇటొకరు కాపురముండేవారు. అన్న ముత్యం భార్య యాదవ్వకు పిల్లలు లేరు. తమ్ముడు హనుమండ్లు భార్య భూమవ్వకు ఒక్కతే బిడ్డ, అనసూర్య. ఆ బిడ్డ చిన్నప్పుడు పెద్దమ్మ పక్కలోనే పడుకునేది. భూమవ్వ కడుపులో కుంపటి అప్పటినుంచే రాజుకుంది.

అనసూర్యను కొండగట్టు దగ్గరి పల్లెకు ఇచ్చారు. ఇరవై రెండు మైళ్ల దూరం. ఆమెకు ఆడపిల్ల పుట్టిన ఏడాది ముత్యం మోటారుసైకిలు కొని, పక్కన తొట్టిలాంటి సీటు బిగించాడు. ప్రతి శనివారం యాదవ్వను అందులో కూర్చోబెట్టుకుని పిల్లను చూడడానికి వెళ్లేవాడు.

"మా అక్క గంగాళంల కూసోని ఊరేగుతాంది సూడుండ్రి!" అని భూమవ్వ వాడకట్టంతా నవ్వించింది. ఇంటికి రాగానే కారు కొనమని భర్త వెంట పడింది. ఒక పాత పెద్ద కారు అమ్మకానికి ఉందని తెలిసి, చూడమని బండ్లు బాగుచేసే అబ్బాస్ మిస్త్రీని పిలిచారు.

"భూమక్కా, రోజు యాడికి పోతమో చూసి బండి కొనాలె. మీరు ఇద్దరే మనుషులు. గీ కారు గ్యాలన్‌కు పది మైళ్లు పోతే గొప్ప. పెద్దన్న బండి గదే గ్యాలన్‌తోని బిడ్డ ఊరికి పోయి మళ్ల ఇల్లు చేరుతది."

"నా ఫికర్ నీకెందుకు అబ్బాసన్నా? వియ్యపోళ్లు చూస్తుండంగ నేను కారు దిగాలె."

హనుమండ్లు కాదనలేకపోయాడు. మొదటి రెండు శనివారాలు కారు చుట్టూ పల్లె పల్లెంతా మూగింది. మూడో వారం అతను తల గోక్కున్నాడు.

"నీళ్లు తాగినట్టు తాగుతాందే పెట్రోలు. నెలకొక్కసారి పోదాం."

ఆ నెల రెండు నెలలైంది. కారు రేకుల కింద నిలబడిపోయింది.

గోడ అవతల మాత్రం ప్రతి శనివారం సాయంత్రం బండి చప్పుడు వచ్చి ఆగేది. యాదవ్వ దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "చెల్లె, పోరికి పన్నొచ్చింది," అనేది. ఇంకో వారం, "పాకుతాంది చెల్లె, పట్టుకుంటే ఆగుతలేదు." భూమవ్వ "ఔనా అక్కా" అని నవ్వేది. ఆ తర్వాత బియ్యంలో రాళ్లు ఏరబోయి బియ్యమే పారేసేది.

రెండున్నర నెలలకు కారు కదిలింది. వాళ్లు వెళ్లేసరికి యాదవ్వ అప్పటికే అక్కడుంది. భూమవ్వ ఎత్తుకోగానే పిల్ల కెవ్వుమని, యాదవ్వ వైపు రెండు చేతులూ చాచింది.

"నువ్వు దానికి కొత్త గదనే అవ్వా, గందుకే," అంది అనసూర్య.

"నేను కొత్తనా!" అంది భూమవ్వ.

తర్వాతి శనివారం పొద్దున్నే ఆమె తలమీదుగా కొంగు కప్పుకుని వెళ్లి బావ బండి ముందు నిలబడింది. తొట్టిలో యాదవ్వ కూర్చుని ఉంది. ఖాళీగా ఉన్నది ముత్యం వెనుక సీటు ఒక్కటే. తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుటపడి మాట్లాడడమే తప్పు, ఆయన వెనుక ఎట్లా కూర్చుంటుంది? వెనక్కి పోవడానికి కాళ్లు రాలేదు.

యాదవ్వ తొట్టిలోంచి దిగి మొగుడి వెనుక ఎక్కింది.

"ఇండ్ల కూసో చెల్లె."

ముత్యం ముఖం అటు తిప్పుకుని కిక్కు కొట్టాడు.

దారంతా భూమవ్వ ఒళ్లో చేతులు బిగించుకునే కూర్చుంది. అనసూర్య పిల్లను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. పిల్ల యాదవ్వను చూసి కాళ్లు ఆడించింది. యాదవ్వ చూడనట్టే వంగి, చెప్పు బొటనవేలి ఉంగటం సరిచేసుకోసాగింది. ఉంగటానికి ఏమీ కాలేదు. భూమవ్వ అది చూసింది.

చూసి పిల్లను అందుకుంది. పిల్ల ఏడ్చింది, ఆమె భుజం మీదుగా యాదవ్వ కోసం వెతికింది. భూమవ్వ వదల్లేదు. ఈ మంచితనం కూడా అక్కకే ఉండాల్నా అని ఆమె గుండె మండింది.

"వచ్చే శనివారం గూడ నేనొస్త," అంది, వెనక్కి తిరగకుండానే.