కాకికాలి కింద గీత

తౌనో రౌతియోకి గోడమీద ఒక తుపాకీ ఉండగా ఇంకో తుపాకీ మీద మనసు పడింది. మా వైపు ఇదేమీ వింత కాదు. అమెరికాలో సుపీరియర్ సరస్సుకి ఈ దక్షిణపు ఒడ్డున, రాగి గనుల చుట్టూ ఫిన్లాండ్ వాళ్ళం కట్టుకున్న పల్లెల్లో, మగాడికి నోట్లో పళ్ళు ఊడేకొద్దీ గోడమీద తుపాకులు మొలుస్తాయి. కాని తౌనో జింకను కొట్టి ఏళ్ళు గడిచాయి. ఆఖరిసారి అడవికి వెళ్ళినప్పుడు ఆయన చెట్టుకింద గురకపెడుతుంటే జింకే వచ్చి డబ్బాలో రొట్టె తినేసి, చలివేస్తుందేమోనని కోటు బొత్తాలు కూడా పెట్టి వెళ్ళిందని ఆయనతోపాటు గనిలో పనిచేసిన రెయినో చెబుతాడు. రెయినో చెప్పేదాంట్లో సగం అబద్ధం. మిగతా సగాన్ని తనే తర్వాత మార్చేస్తాడు.

వేట పత్రిక వెనక పేజీలో ఒక ప్రకటన పడింది. ఫిన్లాండ్ సైన్యం వాడి పక్కన పెట్టేసిన రైఫిళ్ళట. డబ్బు కట్టి పంపితే రైలు పార్సిల్లో వస్తాయట. పక్కనే అరచేతిలో పట్టేంత బొమ్మ. తౌనో దాన్ని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి కాఫీ డబ్బా కింద పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్న డబ్బా ఎత్తడం, కాగితం చూడడం, డబ్బా దించడం. వారం గడిచేసరికి ఆ ఇంట్లో కాఫీ ఖర్చు రెట్టింపయింది.

“గోడమీదున్నది ఒంటరిగా ఉందని ఏడుస్తోందా?” అని అడిగింది హిల్యా. ఆయన భార్య.

“జింకల సీజను వస్తోంది కదా.”

“జింకలు కబురు పెట్టాయా, పాత తుపాకీతో అయితే మేం చావం అని?”

అసలు సంగతి చెప్పడానికి ఆయనకి నోరు రాదు. ఫిన్లాండ్‌లో పుట్టిన మగాళ్ళు మనసులో మాట చెప్పాలంటే ముందు ఎక్కిన పడవకి చిల్లు పడాలి.

అసలు సంగతి అర్మాస్. తౌనో తమ్ముడు.

ఫిన్లాండ్ తూర్పు కొసన, లదోగా సరస్సు ఒడ్డున రౌతియోల ఇల్లు ఉండేది. అక్కడ ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. అక్షరం రాని తాతల కాలం నుంచి సంతకానికి బదులు అదే. గొడ్డలి పిడిమీద, వల బెండుమీద, పడవ తెడ్డుమీద, దేనిమీదైనా కత్తితో చెక్కుతారు. రౌతియోల గుర్తు కాకికాలు. ఒక చోట కలిసే మూడు గీతలు. ఇంటి గుర్తు పెద్దకొడుక్కి వస్తుంది. చిన్నవాడు అదే గుర్తు పెట్టుకుంటాడు గాని దాని కింద ఒక చిన్న అడ్డగీత చేర్చాలి. నాకు పైన అన్న ఉన్నాడు అని ఆ గీత అర్థం.

తౌనో పడుచువాడుగా ఉండగా అమెరికా గనులకి బయల్దేరాడు. ఓడకి వెళ్ళే బండి ఎక్కుతుంటే అర్మాస్ చేతిలో కొత్త తెడ్డు పట్టుకుని వచ్చాడు. అప్పుడే కాకికాలు చెక్కి, ఆగాడు.

“అన్నా, నువ్వు వెళ్ళిపోతున్నావుగా. గీత పెట్టనా, మాననా?”

“పెట్టరా వెధవా! వచ్చే వేసవికి వచ్చేస్తాను” అన్నాడు తౌనో.

ఆ వేసవి రాలేదు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, పెళ్ళి వచ్చింది, గని కింద దగ్గు వచ్చింది. అర్మాస్ ఉత్తరాలు రాసే రకం కాదు. క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చేది, అది కూడా వాళ్ళావిడ చేతిరాత. తర్వాత రష్యాతో చలికాలపు యుద్ధంలో అర్మాస్ మంచులో పడిపోయాడు. యుద్ధం అయ్యాక సరిహద్దు జరిగింది. ఊరు ఉన్నచోటే ఉంది, దేశం మాత్రం లేచి పడమటికి వెళ్ళిపోయింది. అర్మాస్ సమాధి, ఇల్లు, తెడ్డు అన్నీ అవతల, రష్యాలో ఉండిపోయాయి. ఇంక అక్కడికి వెళ్ళేదీ లేదు, చూసేదీ లేదు.

తౌనోని తొలిచేది ఒకటే. తమ్ముడు చివరిదాకా ఆ గీత పెట్టాడా? లేక ఏదో ఒక చలికాలం, ఇంక రాడులే అనుకుని, వట్టి కాకికాలు చెక్కడం మొదలుపెట్టాడా?

పై అధికారులు వద్దన్నా సిపాయిలు తుపాకీ కర్రమీద ఇంటి గుర్తు చెక్కుకునేవారని, ఆ యుద్ధం చేసి వచ్చినవాడొకడు ఇక్కడి చర్చి వంటశాలలో కాఫీ తాగుతూ చెప్పాడు. అప్పటినుంచి పట్టుకుంది ఈ పిచ్చి. గడ్డివాములో సూది అని తౌనోకి తెలుసు. అయినా గడ్డివాము పార్సిల్లో వస్తానంటే వద్దనడం ఎలా?

డబ్బు పంపాడు. ఎదురుచూశాడు. రోజూ రైలు స్టేషనుకి వెళ్ళి, అటువైపు ఏదో పనుండి వచ్చినట్టు నిలబడేవాడు. పార్సిళ్ళు చూసే పాస్కో, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గనులకి వచ్చినవాళ్ళ పిల్లాడు, నోరు ఊరికే ఉండదు.

“ఏం పెద్దాయనా, పెళ్ళికూతురు ఇంకా దిగలేదా?”

“రైలు లేటేమో అని చూస్తున్నానంతే.”

“రైలు వచ్చి, వెళ్ళి, రేపటికి మళ్ళీ బయల్దేరింది.”

రెయినో కూడా తగిలేవాడు. “ఇంకో డాలరు వేసుంటే దాన్ని మోసిన సిపాయిని కూడా పంపేవారట్రా. నువ్వే పిసినారితనం చేశావు.”

ఎప్పుడూ నవ్వే తౌనో ఆ మాటకి నవ్వలేదు. రెయినో తల గోక్కున్నాడు.

నవంబరు తొలి మంచు పడిన శనివారం పార్సిల్ దిగింది. సన్నగా పొడుగ్గా ఉన్న అట్టపెట్టె. పాస్కో దాన్ని రెండు చేతులమీద పసిబిడ్డలా తెచ్చి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి విప్పితే లోపల తుపాకీ కనబడలేదు. గోధుమరంగు గ్రీజు కనబడింది. తుప్పు పట్టకుండా గిడ్డంగివాళ్ళు పూసిన గ్రీజు. గొట్టమేదో కర్రేదో తెలియనంత మందం. వేలు పెడితే వేలు పోయింది. హిల్యా పెంచే పిల్లి వాసన చూడ్డానికి వచ్చి, మీసాలకి గ్రీజు అంటుకుని, ఒక కాలితో తుడుచుకుంటూ మూడు కాళ్ళమీద పారిపోయింది.

“కిరసనాయిలు పెట్టి కడుగు” అన్నాడు పాస్కో. పెట్టె లోపల చూడకుండా స్టేషనుకి తిరిగి వెళ్ళలేక వెనకాలే వచ్చాడు.

“కిరసనాయిలు కొడితే కర్ర చస్తుంది” అన్నాడు తౌనో.

“అయితే వేణ్ణీళ్ళు.”

సంగతి తెలిసి అప్పటికే వచ్చి కూర్చున్న రెయినో గొంతు సవరించుకున్నాడు. “ముప్పయ్యేళ్ళు గనిలో పనిచేసిన వాడి ఒంటిమీద మట్టిని ఏది వదిలించింది? సౌనా! దీన్నీ తీసుకెళ్ళి ఆవిరి పట్టిద్దాం. ఎంతైనా మన దేశంవాడే కదా, సిగ్గుపడడు.”

పాస్కో దేవుణ్ణి తలుచుకుని స్టేషనుకి వెళ్ళిపోయాడు. కార్న్‌వాల్ వాళ్ళకి ఇలాంటి ఆలోచన కలలో కూడా రాదు. మావాళ్ళకి తప్ప ఎవరికీ రాదు.

“ముందు ఆడవాళ్ళం” అంది హిల్యా. “ఆ జిడ్డుగాణ్ణి మా తర్వాత తీసుకెళ్ళండి.”

పెరట్లోని సౌనా గదిలో ఆడవాళ్ళ ఆవిరి స్నానాలయ్యాయి. పొయ్యిమీద రాళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ముసలివాళ్ళిద్దరూ మొలమీద గుడ్డ కూడా లేకుండా పై బల్లమీద కూర్చున్నారు. మధ్యలో తుపాకీ. ఆవిరి స్నానంలో ఒంటిని కొట్టుకునే బర్చ్ చెట్టు రెమ్మల కట్టతో రెయినో దానికి రెండు తగిలించి, “కదలకు అల్లుడూ, నలుగు పెడుతున్నాం” అన్నాడు.

గ్రీజు కరగడం మొదలైంది. ముందు చెమటలా, తర్వాత ముక్కు కారినట్టు, ఆ తర్వాత ధారగా. తౌనో గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. రెయినోకి ఓపిక చాల్లేదు. గరిటెడు నీళ్ళు రాళ్ళమీద విసిరాడు. ఆ రాళ్ళమీదికే గ్రీజు కారుతోందని ఇద్దరికీ తట్టలేదు.

భగ్గుమంది. నల్లటి పొగ. ఇద్దరూ తలుపు తోసుకుని, తుపాకీ చెరో కొసా పట్టుకుని, పుట్టినప్పటి వేషంలో మంచులోకి దూకారు. ఆ పొగ చూసి సరస్సు మీద ఖనిజం మోసే ఓడొకటి పొగమంచు అనుకుని రేవులోనే లంగరు వేసిందని, రెండో రోజు దాకా కదల్లేదని రెయినో ఇప్పటికీ చెబుతాడు. కిటికీలోంచి హిల్యా మటుకు చూసింది. “బాప్టిజం అయితే లోపలికి పోండి, చస్తారు!” అని అరిచింది.

పొగ పోయాక మళ్ళీ లోపలికి వెళ్ళారు. అప్పుడు వచ్చింది వాసన. గ్రీజు వాసన కాదు. దాని కింద, కర్ర లోపలినుంచి. పైను మొద్దులు కాల్చి తీసిన తారు వాసన. నాన్న వసంతంలో పడవలకి పూసే తారు. తౌనో కర్రమీద ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాడు. వీపు మటుకు కదులుతోంది. రెయినో అటు తిరిగి, లేని పనేదో వెతుక్కుంటూ పొయ్యిలో కట్టెలు సర్దాడు.

తర్వాత తౌనో బొటనవేలు చెంప ఆనించే చోటికి వెళ్ళింది. అక్కడ కర్ర నున్నగా లేదు. గాడి ఉంది. గుడ్డతో రుద్దాడు. ఒక గీత. దాన్ని కోస్తూ ఇంకొకటి. ఇంకా రుద్దాడు.

కాకికాలు కాదు. పైనా కిందా మూసిన రెండు ముక్కోణాలు, డమరుకంలా. దాని కింద, కొంచెం వంకరగా, ఒక అడ్డగీత.

“ఏంట్రా అది?” అన్నాడు రెయినో.

“ఇసుకగడియారం. ఎవరింటిదో.”

“మీది కాదా?”

“కాదు.” గుడ్డ కొసతో గాడి తుడుస్తూ మళ్ళీ అన్నాడు, “కింద గీత ఉంది చూడు. ఎవరికో తమ్ముడు.”

రెయినో నోరు తెరిచాడు. దాంట్లోంచి వేళాకోళం ఏదీ రాలేదు. చాలామంది నమ్మరుగాని అది మాత్రం నిజం.

తౌనో ఆ గీతని వేలితో చాలాసేపు నిమిరాడు. గీత లోతుగా ఉంది. పైన గుర్తుకన్నా లోతు. ఊరికే అలవాటుకొద్దీ గీసినవాడు అంత లోతుగా గీయడు. కందకంలో కూర్చుని, వేళ్ళు కొంకర్లు పోతుండగా, ఎక్కడో ఉన్న అన్నని లెక్కలో ఉంచుకోవాలని గీశాడు.

ప్రతి శనివారం అందరి స్నానాలూ అయ్యాక ఆఖరి ఆవిరి లోకం విడిచి వెళ్ళిపోయినవాళ్ళది. ఒక గరిటె నీళ్ళు రాళ్ళమీద పోసి, తలుపు మూసి వచ్చేయాలి. మళ్ళీ ఎవరూ లోపలికి తొంగిచూడరు. ఇన్నేళ్ళుగా తౌనో ఆ నీళ్ళు అర్మాస్ కోసం పోస్తున్నాడు.

ఆ రోజు తుపాకీని పై బల్లమీదే ఉంచాడు. కర్ర కింద మడతపెట్టిన తువ్వాలు. పక్కన బర్చ్ రెమ్మలు.

“ఒరేయ్, ఇనుము! తుప్పు పట్టి చస్తుంది!” అన్నాడు రెయినో.

“పట్టనీ. తర్వాత నేను తుడుస్తాను.”

గరిటెడు నీళ్ళు పోశాడు. రాళ్ళు చుయ్యిమన్నాయి. ఆవిరి లేచి తుపాకీని కప్పేసింది.

“మీ అన్న ఎక్కడున్నాడో నాకు తెలీదురా అబ్బాయ్” అన్నాడు తౌనో, ఆవిరి వైపు చూస్తూ. “ఈ పూటకి నేనే అనుకో.”

తలుపు మూశాడు.

వంటగదిలో హిల్యా కాఫీ పోస్తోంది. ఆయన మొహం చూసి, కూజా దించకుండానే అడిగింది.

“ఉందా కాకికాలు?”

తౌనో ఉలిక్కిపడ్డాడు. “నీకెవరు చెప్పారు?”

“నలభై ఏళ్ళు నీ పక్కన పడుకున్నాను. నిద్రలో నువ్వు గోడమీద గోటితో గీసేదేంటనుకున్నావు?”

“లేదు” అన్నాడాయన. “ఇంకెవరి తమ్ముడిదో.” కప్పు రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. “మనవాడిది ఏ టెక్సాస్‌లోనో ఎవడి చేతుల్లోనో ఉండుంటుంది. గుర్తేంటో వాడికేం తెలుస్తుంది? గరుకు కాగితం పెట్టి రుద్దేసుంటాడు.”

హిల్యా ఆయన కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది.

డిసెంబరు పత్రిక పోస్టులో వచ్చింది. మర్నాడు పొద్దున్న తౌనో కాఫీ కోసం డబ్బా ఎత్తాడు. దాని కింద కొత్త కాగితం ఉంది. అదే ప్రకటన, అరచేతిలో పట్టేంత బొమ్మ. అంచులు మాత్రం ఆయన కత్తిరించే దానికన్నా తిన్నగా ఉన్నాయి.

హిల్యా పొయ్యి వైపు తిరిగి పెనం మీద చేప తిరగేస్తోంది. “చూస్తూ నిలబడితే రైలెక్కదది” అంది.